ఆకాశంలో దొంగ గొంతు

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర, సౌదీ విమానమూ కజకిస్తాన్ విమానమూ ఆకాశంలో ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ తరువాత మన దేశంలో విమానాలకు 'టీకాస్' అనే పరికరాన్ని తప్పనిసరి చేశారు. అది ఎలా పనిచేస్తుంది? దాన్ని ఎవరైనా మోసగించగలరా? ఈ రెండు సంగతులూ చెప్పుకుందాం.

చీకట్లో పొలం గట్టు మీద వెళ్తుంటే ఎదురుగా అలికిడవుతుంది. "ఎవరది?" అని కేకేస్తారు. వచ్చిన బదులును బట్టి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో పోల్చుకుంటారు. టీకాస్ చేసేదీ అదే. 1030 మెగాహెర్ట్జ్ మీద చుట్టుపక్కల విమానాలను పలకరిస్తుంది. అవి 1090 మెగాహెర్ట్జ్ మీద తమ ఎత్తు తెలుపుతూ బదులిస్తాయి. బదులు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్కకడుతుంది. ప్రమాదం ముంచుకొస్తే, సుమారు 15 నుంచి 35 సెకన్ల ముందు, ఒక విమానాన్ని పైకి వెళ్లమనీ, రెండోదాన్ని కిందికి దిగమనీ హెచ్చరిస్తుంది.

గట్టు మీద మనం గొంతు గుర్తుపడతాం. టీకాస్‌కు ఆ విద్య లేదు. సరైన పద్ధతిలో వచ్చిన ప్రతి బదులునూ నమ్ముతుంది.

2025 జనవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ ఇందులో రెండు లోపాలను ప్రకటించింది. దొంగ సంకేతాలతో, లేని విమానాన్ని ఉన్నట్టు చూపించవచ్చు. పాత ప్రమాణాల ట్రాన్స్‌పాండర్లున్న విమానాల్లోనైతే, నేల మీది కేంద్రంలా నటించి హెచ్చరికలనే ఆపివేయవచ్చు. రెండో లోపానికి కొత్త పరికరాలు అమర్చడం మందు. మొదటిదానికి పూర్తి నివారణ లేదని ఆ ప్రకటనే చెప్పింది. అయితే ఇవి ప్రయోగశాలలో రుజువైనవి. బయట జరిగే అవకాశం చాలా తక్కువనీ ఆ సంస్థే చెప్పింది. రాడారూ, కంట్రోలర్లూ, పైలట్ కళ్లూ కాపలాగా ఉండనే ఉన్నాయి.

మరి ఇంత చర్చ ఎందుకు? 2002 జూలై 1న జర్మనీలోని యూబర్‌లింగెన్ మీదుగా వెళ్తున్న ఒక విమానాన్ని టీకాస్ పైకి వెళ్లమంది, కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు దిగారు. టీకాస్ మాట విన్న రెండో విమానమూ దిగుతోంది. 71 మంది చనిపోయారు. అందుకే టీకాస్ చెబితే ఆ మాటే వినాలని పైలట్లకు నేర్పుతారు.

దొంగ గొంతు తెచ్చే అసలు ముప్పు ఇక్కడే ఉంది. పైలట్ మనసులో ఒకసారి అనుమానం నాటుకుంటే, నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు ఆ కొద్ది సెకన్లూ ఆలోచనలోనే గడిచిపోతాయి. బదులిచ్చేది ఎవరో పోల్చుకునే విద్యను యంత్రానికి నేర్పడమే ఇక మిగిలిన పని.