మీకు తెలుసా? జీతాల గొడవకు సీజన్ మొత్తం బలి!

• 2010 జనవరిలో, బకాయిలు చెల్లించలేదంటూ భారత హాకీ ఆటగాళ్లు పుణె శిబిరంలో సాధన మానేశారు. కొద్దిరోజుల్లోనే రాజీ కుదిరింది.

• అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం రాజీ కుదరలేదు. జట్ల జీతాల ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఉండాలని యజమానులు, ఒప్పుకునేది లేదని ఆటగాళ్లు పట్టుబట్టారు. 2004 సెప్టెంబరులో లాకౌట్ మొదలైంది. 2005 ఫిబ్రవరి 16న సీజనే రద్దయింది.

• ఆ ఏడాది విజేత లేకపోవడంతో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్‌పై ‘2004-05 సీజన్ జరగలేదు’ అని చెక్కారు.

• చివరకు జీతాల పరిమితికి ఆటగాళ్లు ఒప్పుకున్నాకే ఆట మళ్లీ మొదలైంది.