చారల శిలలో తరంగాల నడక

వెదురును నిలువుగా చీల్చడం సులభం. అడ్డంగా నరకడం కష్టం. బస్తర్ అడవులలో ఈ సంగతి తెలియనివారుండరు. ఇట్లు దిక్కునుబట్టి గుణం మారే వాటిని శాస్త్ర పరిభాషలో అసమదైశిక పదార్థాలంటారు.

1968 నుండి మన ఎన్‌.ఎం.డి.సి. ఖనిజం తవ్వుతున్న బైలడిలా కొండలలోనూ ఇట్టి శిల ఉన్నది. బాండెడ్ హెమటైట్ క్వార్ట్‌జైట్ అనే ఆ శిలలో ఇనుప ఖనిజపు పొర, సిలికా పొర ఒకదాని పక్కన ఒకటి చారలుగా అమరి ఉంటాయి.

భూగర్భ రాడార్ నేలలోనికి విద్యుదయస్కాంత తరంగాలను పంపి, లోపలి సరిహద్దులను తాకి అవి తిరిగివచ్చే కాలాన్ని కొలుస్తుంది. కాలానికి వేగం తోడైతేనే లోతు తెలుస్తుంది. చిక్కు ఆ వేగం వద్దనే ఉన్నది.

లెక్క కొరకు సమాన మందంగల రెండు రకాల పలుచని పొరలను తీసుకొందాం. వాటి రోధక స్థిరాంకాలు 4, 16 అనుకొందాం. తరంగపు విద్యుత్ క్షేత్రం చారల వెంట ఉంటే శిల మొత్తానికి స్థిరాంకం 10. చారలకు అడ్డంగా ఉంటే 6.4 మాత్రమే. చారలు నిట్టనిలువుగా ఉన్నచోట రాడార్ యాంటెన్నాను తొంభై డిగ్రీలు తిప్పితే చాలు, తరంగ వేగం నాలుగో వంతు మారిపోతుంది. 100 నానో సెకన్లలో తిరిగివచ్చిన ప్రతిధ్వని ఒక లెక్కన 4.7 మీటర్ల లోతును, మరొక లెక్కన 5.9 మీటర్ల లోతును సూచిస్తుంది. బోరు ఎంత లోతు వేయాలో నిర్ణయించేవారికి ఈ తేడా స్వల్పమైనది కాదు.

చారలు ఏటవాలుగా, మడతలుగా ఉన్నచోట కాగితంపై లెక్క సాగదు, కంప్యూటర్ కావాలి. శిలను చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ మాక్స్‌వెల్ సమీకరణాలను క్షణక్షణానికీ సాధించే పద్ధతిని 1966లో కేన్ యీ ప్రతిపాదించారు. 20 మీటర్ల ఘనాన్ని 10 సెంటీమీటర్ల గళ్లుగా కోస్తే 80 లక్షల గళ్లవుతాయి. అసమదైశిక శిలలో ఒక్కొక్క గడికి ఒక్క స్థిరాంకం చాలదు. తొమ్మిది సంఖ్యల పట్టిక కావాలి.

ఆ పట్టికను నింపడానికి చార ఏ దిక్కుకు వాలి ఉన్నదో ముందు తెలియాలి. ఆ సంగతి యంత్రం తానై కనిపెట్టలేదు. కొండ ఎక్కి, దిక్సూచి పట్టి, శిలను కొలిచే మన భూగర్భ శాస్త్రజ్ఞులే దానిని చెప్పాలి. వారి కొలత సరిగా ఉన్నప్పుడే కంప్యూటర్ చూపిన లోతును నమ్మి బోరు వేయవచ్చు.