పద సమస్యలు: ప్రాథమిక గణిత బోధనలో తెలుగు వాక్యం పాత్ర

వ్యాససంగ్రహం: కూడికలు, తీసివేతలు తప్పు లేకుండా చేసే పిల్లలు అవే అంకెలు ఒక కథలో కనబడినప్పుడు తడబడతారు. ఈ తడబాటులో గణితం పాలెంత, వాక్యం పాలెంత అన్న విషయాన్ని తెలుగు వాక్యనిర్మాణం ఆధారంగా పరిశీలించి, మూడు నుండి ఐదవ తరగతి వరకు బోధించే ఉపాధ్యాయులకు ఉపకరించే కొన్ని పద్ధతులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పద సమస్యలు, ప్రాథమిక గణితం, సంకేతపదాలు, పట్టీ చిత్రం, తెలుగు వాక్యం.

1. ఉపోద్ఘాతం

1980లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగర గణిత విద్యా పరిశోధకులు ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఒక విచిత్రమైన ప్రశ్న ఇచ్చిన వృత్తాంతం వెలువడింది. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ నాయకుని వయసెంత? 97 మంది పిల్లలలో 76 మంది ఆ సంఖ్యలను ఏదో విధంగా కలిపి ఒక వయసు చెప్పారు. ఆ పిల్లలు మందబుద్ధులు కారు. గణితం తరగతిలో ప్రశ్న అడిగితే జవాబు ఉండి తీరుతుందని, ఇచ్చిన సంఖ్యలన్నీ వాడి తీరాలని బడి వారికి నేర్పింది. వారు ఆ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకున్నారు.

మన తరగతి గదుల పరిస్థితి దీనికి భిన్నమేమీ కాదు. లెక్క చదవగానే "సార్, ఇది కూడికా, తీసివేతా?" అని అడిగే పిల్లవాడు ప్రతి బడిలోనూ ఉంటాడు. ఆ ప్రశ్నకు ఉపాధ్యాయుడు జవాబు చెప్పిన మరుక్షణం సమస్యలోని గణితమంతా ఆవిరైపోతుంది. మిగిలేది అంకెల పని మాత్రమే. ఏ ప్రక్రియ చేయాలో నిర్ణయించుకోవడమే పద సమస్యలోని అసలు గణితం.

2. సంకేతపదాల వల

ఈ నిర్ణయాన్ని సులభం చేయడానికి అనేక బడుల గోడల మీద ఒక పట్టిక కనిపిస్తుంది. "మొత్తం" అంటే కూడిక, "మిగిలినవి" అంటే తీసివేత, "చొప్పున" అంటే గుణకారం, "పంచితే" అంటే భాగహారం. మంచి ఉద్దేశంతో తయారైనదే అయినా ఇది పిల్లలకు మేలు కంటె కీడే ఎక్కువ చేస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. "60 పెన్సిళ్ళను 5 చొప్పున కట్టలు కడితే ఎన్ని కట్టలవుతాయి?" అన్న ప్రశ్నలో "చొప్పున" ఉన్నది, చేయవలసినది భాగహారం. గోడను నమ్మిన పిల్లవాడు 300 కట్టలు కడతాడు.

పోలిక లెక్కలలో ఈ వల మరింత బిగుసుకుంటుంది. కూడిక, తీసివేతల కథలను రైలీ, గ్రీనో, హెల్లర్ అనే పరిశోధకులు 1983లో ప్రధానంగా మూడు రకాలుగా వర్గీకరించారు: మార్పు, కలయిక, పోలిక. మూడింటిలో పోలిక పిల్లలకు కఠినం. "సీత దగ్గర 12 గోళీలు ఉన్నాయి. రవి దగ్గర ఉన్నవాటికంటె ఇవి 5 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే, "ఎక్కువ" అన్న మాట చూచి 17 అని రాసేవారు చాలామంది. ఇటువంటప్పుడు "తప్పు, తీసివేయాలి" అని సరిదిద్దడం కంటె "ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయి?" అని అడగడం మేలు. "సీత దగ్గర" అని చెప్పిన పిల్లవాడు తాను రవికి 17 ఇచ్చిన సంగతిని తానే గమనిస్తాడు.

3. తెలుగు వాక్యం పెట్టే చిక్కులు

పద సమస్యల మీద వెలువడిన పరిశోధనలో అధికభాగం ఆంగ్లం వంటి భాషల వాక్యాలను ఆధారం చేసుకున్నది. తెలుగు వాక్యం నడక వేరు. క్రియ చివర వస్తుంది. దానికి ముందు అసమాపక క్రియలు, విశేషణ రూపాలు గొలుసుగా పేరుకుంటాయి. పాఠ్యపుస్తకాల ధోరణిలో ఉన్న ఈ లెక్కను గమనించండి:

"సంతలో కొన్న మామిడిపండ్లలో 6 కుళ్ళిపోగా మిగిలినవాటిని నలుగురు మనుమలకు తలా 5 చొప్పున పంచిన తరువాత తాతయ్య దగ్గర 3 పండ్లు మిగిలాయి. ఆయన కొన్న పండ్లెన్ని?"

మొదటి వాక్యంలో నాలుగు సంఘటనలు ఉన్నాయి: కొనడం, కుళ్ళడం, పంచడం, మిగలడం. వాటిలో చివరిది ఒక్కటే సమాపక క్రియగా నిలిచింది. "కొన్న" అన్నది పండ్లకు విశేషణమై దాగింది, "కుళ్ళిపోగా" అన్నది మరొక క్రియకు తోక అయింది. కథకు కర్త అయిన తాతయ్య వాక్యం ముగియబోతుండగా గాని కనబడడు. పైగా "మిగులు" అన్న ధాతువు రెండుసార్లు వచ్చింది. సంకేతపదాలు నేర్చిన పిల్లవాడు రెండుసార్లు తీసివేస్తాడు. నిజానికి ఈ లెక్కలో తీసివేతే లేదు. నలుగురికి ఐదేసి 20, చేతిలో ఉన్న 3 కలిస్తే 23, కుళ్ళిన 6 కలిస్తే 29.

ఈ వాక్యాన్ని విడదీయడం నేర్పాలి. తాతయ్య సంతకు వెళ్ళాడు. కొన్ని మామిడిపండ్లు కొన్నాడు. అందులో 6 కుళ్ళిపోయాయి. మంచివాటిని మనుమలకు పంచాడు. నలుగురు మనుమలు. ఒక్కొక్కరికి 5. ఇంకా 3 ఉన్నాయి. ఇట్లా చెప్పిన తరువాత పిల్లలకు రెండు విషయాలు బోధపడతాయి. కథ జరిగిన వరుస ఒకటి, లెక్క చేయవలసిన వరుస మరొకటి. మొదట ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడు చివరినుండి వెనుకకు నడవాలి. ఈ రెండవ విషయం గణితానికి చెందినది; కాని మొదటిది తేలితే గాని రెండవది కంటికి ఆనదు.

విడదీసి చెప్పేటప్పుడు తొలిసారి సంఖ్యలను పూర్తిగా వదలివేయడం మంచి సాధన. "కొన్ని కొన్నాడు, కొన్ని కుళ్ళిపోయాయి, అందరికీ సమానంగా పంచాడు, కొన్ని మిగిలాయి" అని కథను మాత్రమే పిల్లలచేత చెప్పించాలి. సంఖ్యలు కనబడనప్పుడు వాటిని కలిపే తొందర కూడా ఉండదు.

చిన్న ప్రత్యయాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "ముగ్గురు పిల్లలకు నాలుగు లడ్లు ఇచ్చాడు" అన్నప్పుడు లడ్లు నాలుగే. "ముగ్గురు పిల్లలకు నాలుగేసి లడ్లు ఇచ్చాడు" అన్నప్పుడు అవి పన్నెండు. గుణకారమంతా "ఏసి" అన్న రెండక్షరాలలో ఉన్నది. తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లవాడు దీనిని అనాయాసంగా గ్రహిస్తాడు. గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్ళనుండి వచ్చిన పిల్లలకు ఆ రెండక్షరాలు జారిపోవచ్చు. వారికి ఎక్కాలు వచ్చి ఉండవచ్చు, పంపకం స్వయంగా చేసి చూపగలిగి ఉండవచ్చు. అయినా జవాబు పత్రంలో 4 అన్న అంకె చూచి "వీడికి లెక్కలు రావు" అని తేల్చివేయడం జరుగుతుంది. ప్రాథమిక దశలో పడిన ఆ ముద్ర పిల్లలను ఎంతకాలం వెన్నాడుతుందో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

"రెట్లు" అన్న మాట విషయంలో పెద్దలకు కూడా స్పష్టత తక్కువ. "మూడు రెట్లు" అనడానికి, "మూడు రెట్లు ఎక్కువ" అనడానికి తేడా ఉన్నదా? వాడుకలో చాలామంది రెండింటినీ ఒకే అర్థంలో వాడతారు. ప్రశ్నపత్రం తయారుచేసేవారు రెండవ రూపాన్ని విడిచిపెట్టడం శ్రేయస్కరం.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు, ఆంగ్లం ఎదురెదురు పుటలలో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వాడుకలో ఉన్నాయి. ఆంగ్లంలో "ఎన్ని" అన్న ప్రశ్నపదం సాధారణంగా ప్రశ్న మొదట వస్తుంది. తెలుగులో క్రియను అంటిపెట్టుకొని చివరకు జరుగుతుంది. రెండు పుటలనూ పక్కపక్కన పెట్టి, అడిగినదేమిటో ఏ భాషలో ఎక్కడ ఉన్నదో వేలితో చూపమనడం చిన్న పనే అయినా చాలా ఉపయోగపడుతుంది.

4. పట్టీ చిత్రం

కథ అర్థమైనా సంఖ్యల సంబంధం కంటికి కనబడని సమస్యలు కొన్ని ఉంటాయి. వాటికి సింగపూర్ పాఠశాలలు 1980లలో ప్రవేశపెట్టిన పట్టీ చిత్రం పద్ధతి చక్కగా సరిపోతుంది. రాశులను నిలువు అంకెలుగా కాక, పొడవు పట్టీలుగా గీయడం ఇందులోని కిటుకు.

"రెండు బుట్టలలో కలిపి 84 కొబ్బరికాయలున్నాయి. పెద్ద బుట్టలోని కాయలు చిన్న బుట్టలోని వాటికి మూడు రెట్లు. పెద్ద బుట్టనుండి ఎన్ని తీసి చిన్న బుట్టలో వేస్తే రెండూ సమానమవుతాయి?" చిన్న బుట్టకు ఒక గడి, పెద్ద బుట్టకు అంతే పొడవున్న మూడు గడులు గీయాలి. నాలుగు గడులు 84 కాబట్టి గడి ఒక్కింటికి 21. ఇక్కడ చాలామంది పిల్లలు పెద్ద బుట్టలో 63, చిన్న బుట్టలో 21, భేదం 42 కాబట్టి 42 కాయలు మార్చాలంటారు. చిత్రం ముందున్నవారికి ఆ పొరపాటు రాదు. పై వరుసలోని ఒక గడిని కింది వరుసకు జరిపితే రెండు, రెండు అవుతాయి. జవాబు 21.

అయితే పట్టీలను ఉపాధ్యాయుడే నల్లబల్ల మీద గీసి, పిల్లలచేత నోటుపుస్తకంలో ఎక్కించుకోమనడంలో ఫలం లేదు. జార్జ్ పోల్యా 1945లో ప్రచురించిన గ్రంథంలో చెప్పిన నాలుగు దశలకు (సమస్యను గ్రహించడం, పథకం వేసుకోవడం, అమలు చేయడం, వెనుదిరిగి చూడడం) ఇదే గతి పట్టింది. "ఇచ్చిన వివరాలు", "కనుగొనవలసినది", "సాధన" అన్న శీర్షికలు నింపడమే ఆలోచనగా చలామణి అవుతున్నది.

ఈ చిత్రానికి మన పాత లెక్కలు కూడా లొంగుతాయి. భాస్కరాచార్యుని లీలావతి (1150)లో తుమ్మెదల లెక్క ప్రసిద్ధం. గుంపులో ఐదవ వంతు కదంబం మీదికి, మూడవ వంతు శిలీంధ్రం మీదికి, ఆ రెండు భాగాల భేదానికి మూడు రెట్లు కుటజం మీదికి వెళ్ళగా ఒక్క తుమ్మెద మిగిలింది. ఐదవ వంతు, మూడవ వంతు రెండూ తేలికగా తీయడానికి 15 గడుల పట్టీ గీయాలి. కదంబానికి 3, శిలీంధ్రానికి 5, భేదం 2 కాబట్టి కుటజానికి 6, మొత్తం 14. ఖాళీగా మిగిలిన ఒక గడిలో ఒక తుమ్మెద. కాబట్టి గుంపులో 15. ఐదవ తరగతి పిల్లలు బీజగణితం లేకుండా దీనిని సాధించగలరు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో చెప్పినప్పుడు కూడా, పద్యానికి అన్వయం చెప్పుకోనిదే లెక్క మొదలు కాదు. అన్వయం చెప్పుకోవడం పద సమస్యకు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

5. జవాబును లోకంలో నిలిపి చూడడం

1980ల తొలినాళ్ళలో అమెరికా జాతీయ మూల్యాంకనంలో 13 ఏళ్ళ పిల్లలకు ఇచ్చిన ఒక లెక్క ఇది: బస్సుకు 36 మంది సైనికులు పడతారు, 1128 మందికి ఎన్ని బస్సులు కావాలి? భాగహారం సరిగా చేసినవారు ఎక్కువే. కాని దాదాపు 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు. శేషంలోని పన్నెండుగురు రోడ్డు మీదనే నిలబడిపోయారన్న మాట.

దీనికి ఎదురుగా బ్రెజిల్‌లోని రెసిఫే నగర వీధులలో సరుకులమ్మే ఐదుగురు పిల్లలను గురించి నూనెస్, కరాహెర్, ష్లీమన్ వెలువరించిన పరిశోధన (1985) ఉన్నది. కాయ 35 క్రూజేరోలైతే పది కాయలెంత అని ఒక 12 ఏళ్ళ కొబ్బరికాయల కుర్రవాడిని అడిగితే, మూడు కాయలు 105, మరో మూడు కలిస్తే 210 అంటూ కూడుకుంటూ వెళ్ళి 350 చెప్పాడు. పదితో గుణిస్తే సున్న చేర్చాలన్న బడి సూత్రం అతనికి అక్కరకు రాలేదు, అవసరమూ పడలేదు. ఆ పిల్లలు వీధిలో అడిగిన లెక్కలలో 98.2 శాతం సరిగా చెప్పారు. అటువంటివే కాగితం మీద కథలుగా ఇస్తే 73.7 శాతం, ఉత్త అంకెలుగా ఇస్తే 36.8 శాతం. కథ పిల్లలకు శత్రువు కాదని, తాము ఎరిగిన కథ అండగా నిలుస్తుందని ఇందులో తెలుస్తున్నది. రైతుబజారులో తల్లి పక్కన కూర్చొని చిల్లర ఇచ్చే పిల్లలు మన బడులలోనూ ఉన్నారు. వారిచేత లెక్కలు తయారుచేయించి తరగతికి ఇప్పించడానికి పాఠ్యప్రణాళిక మార్చవలసిన పని లేదు.

6. తప్పు ఎక్కడ జరిగింది?

ఆస్ట్రేలియాకు చెందిన యాన్ న్యూమన్ 1977లో ప్రతిపాదించిన పద్ధతి సామాన్యమైనది. తప్పు చేసిన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని వరుసగా ఐదు అడగాలి: లెక్క పైకి చదువు, ఏమి అడిగారో చెప్పు, ఎట్లా చేద్దామనుకున్నావు, చేసి చూపు, ఇప్పుడు జవాబు రాయి. ఎక్కడ ఆగితే అక్కడ లోపం. మొదటి రెండు మెట్లలో ఆగినవాడికి మరో ఇరవై తీసివేతలు ఇంటిపనిగా ఇచ్చి ప్రయోజనం లేదు. వాడికి కావలసింది వాక్యం. నలభై మంది ఉన్న తరగతిలో అందరినీ ఇట్లా అడగడం అసాధ్యం. రోజుకు ఇద్దరిని అడిగితే నెల తిరిగేసరికి తరగతి పూర్తవుతుంది. ఇంటిభాష తెలుగు కాని పిల్లలతో మొదలుపెట్టి, రెండవ ప్రశ్నకు జవాబును వారి భాషలోనే చెప్పనివ్వాలి. ఉపాధ్యాయునికి ఆ భాష రాకపోతే, అదే ఇంటిభాష గల తోటి విద్యార్థి తెలుగులో చెబుతాడు.