అతుక్కుపోయే క్యాలిక్యులేటర్ బటన్లు: మూడు ఊర్ల మురికి, మూడు మందులు

పోయిన ఎపిసోడ్‌లో టేబుల్ ఫ్యాన్ బుష్షుల గురించి మాట్లాడుకున్నం. ఇవాళ నా టేబుల్ మీద మూడు పాత క్యాలిక్యులేటర్లు ఉన్నయి. మూడూ చొక్కా జేబులో పట్టేవే. ఒకటి సిరిసిల్ల నుంచి వచ్చింది, ఒకటి కోరుట్ల నుంచి, ఇంకోటి మా జగిత్యాల మామిడికాయల మార్కెట్‌ది. తెచ్చిన ముగ్గురూ చెప్పింది ఒక్కటే మాట: "అన్నా, బటన్లు అతుక్కుంటున్నయి." విప్పి చూస్తే మూడు వేరువేరు రోగాలు. మందు కూడా వేరువేరు. ఒకదాని మందు ఇంకోదానికి పోస్తే బాగుపడుడు అటుంచి ఇంకా పాడైతది.

"వంద, రెండు వందలు పెడితే కొత్తది వస్తది గదా, దీనికి ఎపిసోడ్ ఎందుకు?" అని కొందరు అడుగుతరు. నిజమే. కానీ మన దిక్కు ఎన్ని ఇండ్లలో మనుషులు దుబాయ్, మస్కట్ పోయి వచ్చిండ్రో మీకు తెలుసు. టేపు రికార్డరు, సెంటు సీసాలు, కంబళ్ళతో పాటు పెట్టెలో ఒక క్యాలిక్యులేటర్ కూడా వచ్చేది. అది తెచ్చిన మనిషి లేకపోవచ్చు, వస్తువు ఉంటది. దాన్ని చెత్తలో వెయ్యబుద్ధి కాదు.

రెండో కారణం ఇంకా పెద్దది. కోరుట్ల క్యాలిక్యులేటర్ కథ చెప్త. అది బీడీల లెక్క రాసే ఒకాయనది. మనకు తెలుసు, బీడీ కూలి వెయ్యికి ఇంత అని లెక్క. ఉదాహరణకు వెయ్యికి 245 రూపాయలు అనుకోండి. ఒకామె నెలలో 18,500 బీడీలు ఇచ్చింది. 18.5 ఇంటూ 245 కొడితే 4532 రూపాయల 50 పైసలు రావాలె. బటన్ నొక్కినప్పుడు ఆ చుక్క తర్వాతి 5 పడలేదు. అప్పుడు 18 ఇంటూ 245, అంటే 4410. తేడా 122 రూపాయల 50 పైసలు. అంకె చూస్తే అనుమానం రాదు, నమ్మేటట్టే ఉంటది. ఆమె కొడుకు ఫోన్‌లో లెక్క చేసి అడిగితే, ఈయన "మిషన్ తప్పు చెప్తదా?" అన్నడట. మాటా మాటా పెరిగింది. చివరికి ఆయనే అనుమానం వచ్చి నా దగ్గరికి తెచ్చిండు. విప్పితే 5 బటన్ కింద తంబాకు పొడి గట్టిగ పేరుకొని ఉంది. తర్వాత పాత చిట్టీలు మళ్ళీ లెక్క చేసి తక్కువ పడ్డోళ్ళకు కలిపి ఇచ్చిండు.

అందుకే నేను చెప్పేది ఏందంటే, పూర్తిగా ఇరుక్కుపోయిన బటన్ మంచిది. అది పని చేస్తలేదని మనకు తెలుస్తది. ఒకసారి పడి, ఒకసారి పడకుండా ఉండే బటన్‌తోనే మోసం.

బటన్ లోపల ఏముంటది?

పాత క్యాలిక్యులేటర్లలో ఎక్కువగా కనిపించేది రబ్బరు షీటు. పైన ప్లాస్టిక్ బటన్. దాని కింద చిన్న గుమ్మటం లాగ ఉబ్బిన రబ్బరు. ఆ గుమ్మటం లోపల నల్లటి కార్బన్ చుక్క. దాని కింద సర్క్యూట్ బోర్డు మీద రెండు దువ్వెనలు ఒకదాంట్ల ఒకటి దూర్చినట్టు గీతలు ఉంటయి, కానీ తాకి ఉండవు. మనం నొక్కితే కార్బన్ చుక్క ఆ రెండిటినీ కలుపుతది. వేలు తీస్తే రబ్బరు మళ్ళీ ఉబ్బి బటన్‌ను పైకి నెడుతది. ఇంకో రకంలో రబ్బరు బదులు పలుచటి రేకు బిళ్ళ ఉంటది, నొక్కితే టిక్కుమంటది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ప్రతి బటన్‌కు చిప్ నుంచి సొంత తీగ ఉండదు. కొన్ని అడ్డం లైన్లు, కొన్ని నిలువు లైన్లు ఉంటయి. ఏ అడ్డం లైను ఏ నిలువు లైనుతో కలిసిందో చూసి, ఏ బటన్ నొక్కినమో చిప్ తెలుసుకుంటది. కాబట్టి ఒక్క బటన్ పని చెయ్యకపోతే అది చాలావరకు మురికే. ఒకే లైను మీది మూడు నాలుగు బటన్లు ఒకేసారి చచ్చిపోతే అది చాలావరకు మురికి కాదు, లైను తెగినట్టు. లైను తెగితే ఎంత కడిగినా రాదు, టంకం పని ఉంటది.

విప్పకముందే రోగం పట్టుకోండి

బటన్ కిందికి పోయి పైకి రాకపోతే, బటన్ అంచుకూ పైడొప్పకూ మధ్య జిగురు చేరింది. పైకి వస్తుంది కానీ గట్టిగా నొక్కితేనే అంకె పడుతుందంటే, కార్బన్ చుక్క మీదనో బోర్డు మీదనో పొర పట్టింది. ఒకసారి నొక్కితే రెండు అంకెలు పడితే, అక్కడ తాకుడు సరిగ్గా లేదు, వణుకుతుంది. ఈ మూడూ ఇంట్లో చేసుకోవచ్చు.

విప్పుడు

ముందు సెల్లు తియ్యండి. సోలార్ పట్టీ ఉంటే నల్ల కాగితం అంటించండి. వెనుక స్క్రూలు తీసినా డొప్ప రాకపోతే గుంజకండి. సెల్లు మూత కింద, స్టిక్కర్ కింద, రబ్బరు కాళ్ళ కింద ఇంకో స్క్రూ దాక్కొని ఉండొచ్చు. అంచుల్లో కొక్కేలు ఉంటే స్క్రూడ్రైవర్ పెట్టద్దు, ప్లాస్టిక్ విరుగుతది. పాత ఏటీఎం కార్డు దూర్చి మెల్లగ తిప్పండి.

అడుగడుగుకూ ఫోన్‌లో ఫోటో తియ్యండి. బటన్లు చెదిరిపోయినంక ఏది ఎక్కడిదో గుర్తుంటదని అనుకోకండి, ఉండదు. సెల్లు తీగలు పలుచగ ఉంటయి, లాగద్దు. తెరను బోర్డుకు కలిపే పలుచటి పట్టీ ఉంటే దాని జోలికి అస్సలు పోకండి. దాన్ని వేడి చేసి అతికిస్తరు. మడిచినా, స్పిరిట్ తగిలినా ఊడుతది, అప్పుడు అంకెలు సగం సగం కనిపిస్తయి.

జగిత్యాల: చాయ్

మామిడి సీజన్‌లో తూకం చిట్టీలు రాసుకుంట రాసుకుంట చాయ్ ఒలికింది. తుడిచి ఊరుకున్నరు. నీళ్ళు ఆరిపోయినయి, చక్కెర మిగిలింది. పాకం లాగ గట్టిపడి బటన్లను పట్టుకుంది.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తరు. యూట్యూబ్‌లో చూసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తరు. చక్కెర ఆల్కహాల్‌లో సరిగ్గా కరగదు. చక్కెరకు మందు గోరువెచ్చని నీళ్ళే. బటన్లను, పైడొప్పను వేరుచేసి, తెర మీది అద్దం అంటించి ఉంటే అది తడవకుండా చూసుకొని, గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి పావుగంట నాననియ్యండి. మెత్తటి టూత్ బ్రష్‌తో అంచులు రుద్దండి. రబ్బరు షీటును కూడా అదే నీళ్ళలో మెల్లగ కడగొచ్చు. బోర్డును మాత్రం ముంచద్దు. శుభ్రమైన నీళ్ళలో కొద్దిగా తడిపిన దూది పుల్లతో చక్కెర మరక తుడిచి, ఆ తర్వాత ఆల్కహాల్ అద్దిన పుల్లతో ఇంకోసారి తుడవండి. ఈ రెండోసారి ఆల్కహాల్ తడిని తీసుకుపోవడానికి.

కోరుట్ల: తంబాకు

తంబాకు పొడి చేతి చెమటతో, చేతి జిడ్డుతో కలిసి గోధుమరంగు బంక లాగ అయితది. నీళ్ళు దానికి చాలవు. బటన్లకు సబ్బునీళ్ళు, బోర్డుకు ఆల్కహాల్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతం ఉన్నది తీసుకోండి. 70 శాతం దాంట్ల మిగతాది నీళ్ళే కాబట్టి ఆరడానికి సమయం పడుతది. దూది పుల్లను తడిపి, పిండి, బోర్డు గీతల మీద ఒకే దిక్కుకు తుడవండి. పుల్ల గోధుమరంగైతే పారేసి కొత్తది తీసుకోండి. అదే పుల్లతో మళ్ళీ తుడిస్తే మురికిని అటుది ఇటు రాసినట్టే.

కార్బన్ చుక్కను రుద్దకండి. తడి పుల్లతో ఒకసారి మెల్లగ అద్దితే చాలు. గరుకు కాగితం, బ్లేడు అసలే వద్దు. ఆ నల్ల పొర పోతే బటన్ పోయినట్టే.

ఒక జాగ్రత్త. ఈ ఆల్కహాల్ తొందరగా అంటుకుంటది. కిటికీ తీసి పెట్టుకోండి. సీసా మూత తీసి ఉన్నప్పుడు పక్కన బీడీ ముట్టియ్యద్దు, అగరుబత్తి కూడా ఉండద్దు.

ఇంకో మాట. కరోనా అప్పటి శానిటైజర్ ఇంకా ఇంట్లో ఉంది, అది కూడా ఆల్కహాలే గదా అని వాడకండి. చేతులు ఎండకుండా అందులో గ్లిజరిన్ కలుపుతరు. ఆల్కహాల్ ఎగిరిపోతది, గ్లిజరిన్ మిగిలి కొత్త జిగురైతది.

సిరిసిల్ల: నూనె, నూలు దుమ్ము

సిరిసిల్ల క్యాలిక్యులేటర్ సాంచాల షెడ్డులో ఉండేది. మీటర్లు, కూలి లెక్క దాని మీదనే. సాంచాలు నడిచే కాడ గాలి నిండా పోగుల దుమ్ము ఉంటది, చేతులకు నూనె ఉంటది. రెండూ కలిసి బటన్ల చుట్టూ మెత్తటి నల్ల గడ్డ కట్టింది. అది చాలదన్నట్టు, బటన్ పట్టేస్తుందని ఎవరో సాంచాకు వేసే నూనెనే రెండు చుక్కలు వేసిండ్రు.

నవ్వకండి, ఆ తప్పు నేనూ చేసిన. మా నాయిన దుబాయ్ నుంచి తెచ్చిన క్యాలిక్యులేటర్‌లో 7 బటన్ పట్టేస్తుంటే, ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మ కుట్టు మిషన్ నూనె తెచ్చి పోసిన. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. నాయిన దగ్గర శభాష్ కూడా అనిపించుకున్న. నెల తిరగకముందే చుట్టుపక్కల బటన్లన్నీ పట్టేసినయి. నూనె దుమ్మును పిలుస్తది, రబ్బరు నూనె తాగి ఉబ్బుతది. కీలుకు నూనె కావాలె, క్యాలిక్యులేటర్ బటన్‌కు వద్దు. శుభ్రంగా ఉంటే అది దానంతట అదే జారుతది. కొబ్బరినూనె అయినా, తుప్పు వదిలించే స్ప్రే అయినా ఇదే మాట.

ఈ రకానికి వరుస ముఖ్యం. ముందు పొడి బ్రష్‌తో పోగులన్నీ దులపండి. ముందే తడిపితే దుమ్ము ముద్దకట్టి సందుల్లో ఇరుక్కుంటది. తర్వాత బటన్లు, డొప్ప, రబ్బరు సబ్బునీళ్ళలో రెండుసార్లు. బోర్డు మీద ఆల్కహాల్. పెట్రోల్, థిన్నర్, గోళ్ళ రంగు తీసేది మాత్రం దగ్గరికి రానియ్యకండి. ప్లాస్టిక్ కరుగుతది, బటన్ మీది అంకె చెరిగిపోతది.

విప్పరానివి

కొన్నిట్ల బోర్డును ప్లాస్టిక్ మేకులు కరిగించి బిగిస్తరు. వాటిని కోస్తే మళ్ళీ బిగించుడు కష్టం. వాటికి నేను చేసేది ఇది: సెల్లు తీసి, క్యాలిక్యులేటర్‌ను బోర్లా పట్టుకొని, ఆ బటన్ అంచుకు తడి పుల్లతో ఆల్కహాల్ అద్దుత. బటన్‌ను యాభైసార్లు నొక్కుత. కారిన మురికి కిందికి పడుతది, లోపలికి పోదు. తెర దిక్కు పోకుండా చూసుకోవాలె. సగం కేసులు దీనితోనే బాగైతయి.

ఆరబెట్టుడు, పరీక్ష

కడిగినవన్నీ రాత్రంతా నీడలో ఆరాలె. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంకర పోతది. తడి ఉండగ బిగిస్తే పని మళ్ళీ మొదటికొస్తది. బిగించేటప్పుడు స్క్రూలు అన్నిటినీ సగం సగం తిప్పి, తర్వాత ఒక్కొక్కటి బిగించండి. మరీ బిగిస్తే డొప్ప వంగి బటన్లను నొక్కి పడుతది. బాగు చేసినంక కూడా అతుక్కుంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇప్పుడు పరీక్ష. ప్రతి అంకెను మెల్లగ ఐదుసార్లు నొక్కండి, తర్వాత తొందరగ ఐదుసార్లు. తెర మీద ఐదే పడాలె. నాలుగు పడ్డా, ఆరు పడ్డా పని కానట్టే. తర్వాత 15873 ఇంటూ 7 కొట్టండి, 111111 రావాలె. ఇంటూ 49 కొడితే 777777. మెమరీ బటన్లకు 5 కలిపి, 7 కలిపి, పిలిస్తే 12 రావాలె. కూలి లెక్కలు చేసే మిషన్ అయితే ఈ పరీక్ష నెలకోసారి చెయ్యండి, నిమిషం పని.

చివరగా మా నాయిన క్యాలిక్యులేటర్ సంగతి. ఇగో, ఇదే. కడిగి నూనె అంతా తీసిన, కానీ ఉబ్బిన రబ్బరు పాత రూపుకు రాలేదు. 7 ఇంకా కొంచెం మెల్లగనే లేస్తది. దీని మీద ఎవరి లెక్కా చెయ్యను. నూనె సీసా పట్టుకొని ఎవరన్నా షాపుకు వస్తే, ముందు ఈ 7 నొక్కి చూడమంట.

మీ ఇంట్లో పాతది ఉంటే ఇవాళే ఐదుసార్ల పరీక్ష చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంట మరి.