అద్దానికి అటూ ఇటూ

1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక పెద్ద గాజుపాత్రలో సగం దాకా నీళ్లు పోసి, అడుగున ఇసుక, బురద, రాళ్లు వేసి, రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. వాలిస్నేరియా అనే పొడుగాకుల నీటిమొక్క ఒకటి నాటాడు. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలే ఆక్సిజన్‌ను చేప పీల్చుకుంటుంది, ఇక నీళ్లు మార్చే పనే ఉండదని ఆయన లెక్క. లెక్క తప్పేమీ కాదు. కాకపోతే ముదిరిన ఆకులు కుళ్లడం మొదలైంది, నీరు మసకబారింది, గాజు లోపలి వైపున పచ్చటి జిగురు పేరుకుంది.

చెరువులో ఈ పని ఎవరు చేస్తారా అని ఆలోచించి వారింగ్టన్ కొన్ని చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకులు తిన్నాయి, గాజు మీది జిగురూ తిన్నాయి, గుడ్లు పెట్టి చేపలకు మేత కూడా అందించాయి. 1850లో ఆయన ఈ ప్రయోగాన్ని లండన్ కెమికల్ సొసైటీకి నివేదించాడు. అక్వేరియం చరిత్ర ఇక్కడే మొదలైందని చాలామంది రాస్తారు. అద్దం తుడిచే పనిముట్టు చరిత్ర కూడా ఇక్కడే మొదలైందని నేనంటాను. మొదటి పనిముట్టు ఆ నత్త నోరే.

నత్త గాజు ఎక్కి పాకుతుంటే ఇవతల నుంచి భూతద్దం పెట్టి చూడాలి. నోరు తెరుచుకుంటుంది, లోపల నుంచి సన్నటి పట్టీ ఒకటి బయటికొచ్చి గాజును గీకి మళ్లీ లోపలికి పోతుంది. దాన్ని రాడ్యులా అంటారు. దాని నిండా కైటిన్‌తో చేసిన అతిచిన్న పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి, కొబ్బరి కోరాంలాగా. అరిగిన వరసలు ముందు నుంచి రాలిపోతూ ఉంటే వెనక నుంచి కొత్తవి వస్తుంటాయి. తల అటూ ఇటూ తిప్పుతూ తినడం వల్ల పాచి మీద వంకర టింకర దారి పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. నత్త తనకు కావలసినంత తింటుంది. అద్దం మెరవాలన్న పట్టింపు దానికి లేదు.

అసలు గాజు మీద ఉన్నదేమిటో చూద్దాం. శుభ్రమైన గాజును నీళ్లలో పెట్టగానే నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు పలుచటి పొరగా అంటుకుంటాయి. దాని మీద బ్యాక్టీరియా చేరుతుంది, తరవాత వెలుతురు అందితే శైవలాలు. కొత్త ట్యాంకులో ముందుగా కనిపించే గోధుమరంగు పొడి డయాటమ్‌లది. వాటి గుల్లలు సిలికాతో చేసినవి. అయినా స్పాంజితో తుడిస్తే ఇట్టే పోతాయి. ట్యాంకు పాతబడ్డాక వచ్చే గుండ్రటి పచ్చ చుక్కలు మాత్రం మొండివి. స్పాంజి వాటి మీద నుంచి జారిపోతుంది, అంచున్న పనిముట్టే కావాలి. నీలి పచ్చగా పొరలు పొరలుగా లేచి వాసన కొట్టేది సైనోబ్యాక్టీరియా. మనవాళ్లు అన్నిటినీ కలిపి పాచి అనేస్తారు గానీ మందు, మంత్రం అన్నిటికీ ఒకటి కాదు.

విక్టోరియన్ కాలపు ఇంగ్లండ్‌కు అక్వేరియం పిచ్చి పట్టింది. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరిచారు, మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అన్న పేరే స్థిరపడింది. ఇళ్లలో వాళ్లు ట్యాంకులను కిటికీల పక్కన పెట్టుకున్నారు. నాలుగు వైపులా గాజు, పైగా ఎండ. పాచికి అంతకన్నా ఏం కావాలి? ఈ వ్యాపారంలోనే బతికిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ దీన్ని తిరగేసి ఆలోచించాడు. సముద్రంలో వెలుతురు పక్కల నుంచి రాదు, పైనుంచే వస్తుంది. కాబట్టి ట్యాంకులో ముందువైపు ఒక్కటే గాజు ఉండాలి, మిగతావి మూసెయ్యాలి, నీటిలో ఎక్కువ భాగం చీకట్లో ఉండాలి. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో ఆయన ట్యాంకుల కింద పెద్ద చీకటి జలాశయం కట్టించి, సముద్రపు నీటిని ఆవిరి పంపులతో అందులోంచి పైకి, పైనుంచి అందులోకి తిప్పించాడు. ఈనాటి వాళ్లు ట్యాంకు కింద అల్మరాలో పెట్టుకునే ఫిల్టర్ తొట్టికి అది తాత అనుకోవచ్చు. పాచి తగ్గింది. పోలేదు. చేపలు కనపడాలంటే కాస్త వెలుతురు ఉండాలి, ఆ కాస్త చాలు దానికి.

దాంతో అందరూ చేతిపనికే దిగారు. కర్ర చివర బ్లేడు, కర్ర చివర స్పాంజి. లోతున్న ట్యాంకైతే చొక్కా చెయ్యి భుజం దాకా మడవాలి, చేపలు బెదిరి మూలకు పోతాయి, నాటిన మొక్కలు మోచేతికి తగిలి ఊడివస్తాయి. చెయ్యి బయటే ఉండి పని లోపల జరిగితే బాగుండునన్న కోరికకు సమాధానమే అయస్కాంతాల జత.

సూత్రం చిన్నపిల్లలకూ తెలిసిందే. గాజు, నీరు అయస్కాంత బలానికి దాదాపు అడ్డుకావు. గరుకు గుడ్డ అంటించిన సగం లోపల, మెత్తటి ఫెల్టు ఉన్న సగం బయట. బయటిది జరిపితే లోపలిది వెంట వస్తుంది. మరి ఇంత తేలిక ఆలోచన ఇంటింటి వస్తువు కావడానికి మంచి, చౌకైన అయస్కాంతం కావలసివచ్చింది. 1950ల మొదట్లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ పరిశోధకులు బేరియం, ఇనుము ఆక్సైడ్లను కలిపి కాల్చి ఫెర్రైట్ అయస్కాంతం తెచ్చారు. ఖరీదు తక్కువ. ఆక్సైడ్ కనుక తుప్పు పట్టదు, నీళ్లలో పెట్టే వస్తువుకు అంతకన్నా కావలసింది లేదు. దాని లోపం బలం. గాజు మందం కొద్దిగా పెరిగినా పట్టు బాగా పడిపోతుంది, పచ్చ చుక్కల మీదికి రాగానే లోపలి సగం విడిపోయి అడుగుకు జారుతుంది.

1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు వేర్వేరుగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని కనిపెట్టారు. వాళ్ల ధ్యాస మోటార్ల మీద, చేపల తొట్ల మీద కాదు. ఫెర్రైట్‌కు దాదాపు పది రెట్ల శక్తి. మందపాటి గాజు మీద కూడా గట్టిగా పట్టుకునే జతలు దీనితోనే సాధ్యమయ్యాయి. కానీ ఇందులో ఇనుము ఎక్కువ, తుప్పు త్వరగా పడుతుంది. అందుకే ప్లాస్టిక్ గూట్లో పెట్టి సీలు చేస్తారు. ఆ గూడు పగిలినా ఎవరూ గమనించకపోతే అయస్కాంతం ఉబ్బి, గోధుమరంగు నీరు కారుతుంది. పెద్ద జతల మధ్య వేలు పడితే నలుగుతుంది కూడా. మధ్యలో గాజు లేకుండా రెండిటినీ దగ్గరికి తేవద్దని డబ్బా మీద రాసేది ఊరికే కాదు.

నన్నడిగితే ఈ పనిముట్టులో అసలు తెలివి అయస్కాంతంలో లేదు, తేలడంలో ఉంది. లోపలి సగంలో గాలిగది ఉంచి నీటికన్నా తేలిక చేశారు. పట్టు తప్పితే ఇప్పుడది మునగదు, పైకి తేలుతుంది. చిన్న మార్పే, అయినా అడుగున ఇసుకలో పడకపోవడం ఎంత మేలో గీతలు పడ్డ అద్దం చూస్తే తెలుస్తుంది. మామూలు గాజు గట్టిదనం మోస్ కొలతలో 5.5 దగ్గర ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. గుడ్డకూ గాజుకూ మధ్య ఒక్క రేణువు ఇరుక్కుంటే చాలు, జరిపిన ప్రతిచోటా గీత. భీమిలి వైపు తీరం నుంచి నల్ల ఇసుక తెచ్చి ట్యాంకు అడుగున వేద్దామని సరదాపడేవాళ్లు ఇంకాస్త ఆలోచించాలి. అందులో గాజుకన్నా గట్టిదైన గార్నెట్ ఉంటుంది, బలమైన అయస్కాంతానికి లేచి అంటుకునే ఇల్మనైట్ కూడా ఉంటుంది. అడుగు నుంచి రెండంగుళాలు వదిలి తుడవడమే క్షేమం.

ఇంత బాధ ఎందుకు, పాచి తినే చేపను వేస్తే పోలేదా అని దుకాణాల్లో సక్కర్ ఫిష్‌ను అంటగడతారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ క్యాట్‌ఫిష్ చిన్నప్పుడు గాజుకు నోరానించి బాగానే పనిచేస్తుంది. పెరిగి ట్యాంకు పట్టకపోయేసరికి తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. ఫలితం ఆంధ్ర చేపల రైతులకు తెలుసు. దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. గట్లలో బొరియలు తవ్వుతుంది, ఒంటిమీది గట్టి పలకలతో, ముళ్లతో వలలు చింపుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో దాని డీఎన్ఏ జాడలు పట్టే పద్ధతితో తూర్పు కనుమల జలాశయాల్లో ఎంతవరకు పాకిందో వెతకవలసి వచ్చింది. అద్దం తుడిచే పనిముట్ల వంశంలో నత్త తరవాత పిల్లల్ని కనేది ఇదే.

స్మిత్‌సోనియన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ ఏడీది వేరే దారి. పాచిని ఆపలేనప్పుడు మనకు నచ్చిన చోటే పెంచితే పోలా అన్నాడు. జాలీ మీద నీరు అలలుగా పారిస్తూ, పైన గట్టి వెలుతురు పెట్టి, పాచిని అక్కడే బలిపించాడు. నీటిలోని నైట్రోజన్, ఫాస్ఫరస్ అది తినేస్తే అద్దం మీది పాచికి తిండి తగ్గుతుంది. 1982లో దీనికి అమెరికాలో పేటెంట్ వచ్చింది. పద్ధతి పనిచేస్తుంది. అయితే పోగుచేసుకున్న పోషకాలు బయటికి పోవాలంటే జాలీ మీది పాచిని ఎప్పటికప్పుడు గీకి తీసెయ్యాలి. గీకే పని తప్పలేదు, చోటు మారిందంతే.

పెద్ద ప్రదర్శనశాలల్లో అయస్కాంతమూ చేతులెత్తేస్తుంది. కాలిఫోర్నియాలో 1984లో తెరిచిన మాంటెరీ బే అక్వేరియంలోని కెల్ప్ అడవి ట్యాంకు ఎత్తు 28 అడుగులు, యాక్రిలిక్ పలకల మందం ఏడంగుళాల పైమాటే. అక్కడ డైవర్లు లోపలికి దిగి తుడుస్తారు. యాక్రిలిక్ గాజుకన్నా చాలా మెత్తన, గోరంత ఇసుకరేణువుకే గీత పడుతుంది కనుక బ్లేడు మాట ఎత్తరు, మెత్తటి గుడ్డే.

ఇంట్లో నాలుగడుగుల తొట్టికి ఇంత హడావుడి అక్కర్లేదు. కిటికీ ఎండ తగలకుండా పెట్టి, దీపం రోజుకు ఏడెనిమిది గంటలకు మించకుండా టైమర్ కట్టి, మేత తగ్గించి, వారానికోసారి కొంత నీరు మార్చి, మాగ్నెట్ తిప్పితే చాలు. అది చదునుగా ఉన్నంత మేరా చక్కగా పోతుంది. రెండు గాజులు కలిసే మూలకు రాగానే ఆగిపోతుంది, దాని అంచు ఆ సందులోకి పట్టదు. పాచికి ఆ సంగతి తెలిసినట్టే సిలికాన్ అతుకు వెంట నిటారుగా ఎక్కుతుంది. అక్కడ బ్లేడు పెడితే అతుకు తెగి తొట్టి కారుతుంది. పాత టూత్‌బ్రష్ పట్టుకుని, చొక్కా చెయ్యి భుజం దాకా మడవాల్సిందే.