ఆవిరి ఇంజను చేద్దామా? పోతలు, విడిభాగాలు సమకూర్చుకునే విధానం

బ్రిటన్‌లో చాలా ఊళ్ళలో ఆదివారం పూట ఏదో ఒక పార్కులో చిన్న పట్టాల మీద చిన్న రైలు తిరుగుతూ ఉంటుంది. దాన్ని లాగేది బొమ్మ ఇంజను కాదు. అందులో నిజంగానే బొగ్గు మండుతుంది, నీళ్ళు మరుగుతాయి, ఆ ఆవిరే పదిమంది పిల్లల్ని లాగుతుంది. ఇలాంటి ఇంజన్లను ఇంటి గరాజ్‌లో ఒక చిన్న లేత్ మీద తయారుచేసేవాళ్ళు ఈ దేశంలో తరతరాలుగా ఉన్నారు. పర్సివల్ మార్షల్ 1898లో 'మోడల్ ఇంజనీర్' పత్రికను ప్రారంభించింది ఇలాంటివాళ్ళ కోసమే.

మన బడి పెద్ద తరగతుల పిల్లలు "మనమూ చేయగలమా?" అని అడుగుతున్నారు. తప్పకుండా చేయగలం. లేత్ పని ఓపికతో నేర్చుకోవచ్చు. అసలు చిక్కు సామాను దగ్గర వస్తుంది. సగంలో ఆగిపోయిన ఇంజన్లు చాలా గరాజ్‌లలో దుమ్ము పట్టి ఉన్నాయి. అందుకే కొనుగోలు గురించి మాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ చెబుతున్నాం.

ముందు డ్రాయింగు, తర్వాతే పోత

డ్రాయింగు చేతిలో లేకుండా పోతలు కొనడమంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. అసలు రైలు పట్టాల మధ్య దూరం ఇక్కడ 56½ అంగుళాలు. 3½ అంగుళాల పట్టాలకు చేస్తే ఇంజను అసలులో 16వ వంతు ఉంటుంది. 5 అంగుళాలకైతే సుమారు 11.3వ వంతు.

పోతలు సులువుగా దొరికే పాత డిజైన్లన్నీ అసలు ఇంజనుకు నకళ్ళు కావు. ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో రాసిన రచయిత రూపొందించిన 'టిచ్' ఏ నిజమైన ఇంజనుకూ నమూనా కాదు. మార్టిన్ ఎవాన్స్ 'రాబ్ రాయ్' కలెడోనియన్ రైల్వే వారి రేవు ఇంజను ఆధారంగా గీసినది. అచ్చంగా అసలులా ఉండాలంటే యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో భద్రపరచిన ఫ్యాక్టరీ డ్రాయింగులతో పోల్చి చూసుకోవాలి. చక్రానికి ఎన్ని ఆకులున్నాయి, పొగగొట్టం అంచు ఎలా వంగింది అన్నవి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. చక్రం అంచును మాత్రం అసలు లెక్కకు తగ్గించకూడదు. అలా చేస్తే క్లబ్బు పట్టాల మీద బండి నిలవదు.

ఏది పోత, ఏది కాదు

చక్రాలు పోత ఇనుముతో వస్తాయి. సిలిండర్లు పోత ఇనుముతో గానీ, రాగి, తగరం, జింకు కలిసిన గన్‌మెటల్‌తో గానీ వస్తాయి. పోత ఇనుము అరుగుదలకు బాగా తట్టుకుంటుంది కానీ, నెలల తరబడి వాడకుండా ఉంచితే తుప్పు పడుతుంది. గన్‌మెటల్‌కు ఆ బాధ లేదు. పొగగొట్టం, పొగపెట్టె తలుపు, ఇరుసు పెట్టెలు కూడా పోతలే. చట్రాన్ని ఉక్కు రేకు నుంచి లేజర్‌తో కోయించుకోవచ్చు.

పోతలన్నీ ఒకేసారి కొనవద్దు. ముందు చక్రాలు, సిలిండర్లు తెప్పించి, పూర్తి కొలతకు మించి చెక్కడానికి లోహం అన్ని వైపులా మిగిలి ఉందో లేదో కొలిచి చూడండి. పలుచని చోట త్వరగా చల్లారిన పోత ఇనుము గాజులా గట్టిపడి పనిముట్ల మొన విరుస్తుంది. దాన్ని ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారిస్తే దారికి వస్తుంది. లోపలి గుల్లలు మాత్రం చెక్కితే గానీ బయటపడవు. మేము కొన్న ఒక సిలిండరులో సగం పని అయ్యాక గుల్ల కనబడింది. అమ్మినవారు వేరే పోత ఇచ్చారు. కానీ చేసిన పని మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అందుకే ముఖ్యమైన ముఖాలను ముందు పైపైన చెక్కి చూడడం మంచిది.

దొరకని వాటికి అచ్చు మనదే

మన దేశపు ఇంజను చేయాలనుకుంటే కష్టం ఇంకా ఎక్కువ. 1947లో మొదట అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చిన డబ్ల్యూ.పి. ఇంజనునే తీసుకోండి. మన బ్రాడ్ గేజ్ 66 అంగుళాలు. 5 అంగుళాల పట్టాలకు అది 13.2వ వంతు అవుతుంది. 67 అంగుళాల పెద్ద చక్రం సుమారు 129 మిల్లీమీటర్లకు దిగుతుంది. 11.3వ వంతుకు చేసిన బ్రిటిష్ పోతలు దీనికి నేరుగా సరిపోవు.

అప్పుడు అచ్చు మనమే చేసి పోతశాలకు ఇవ్వాలి. పూర్వం కొయ్యతో చేసేవారు, ఇప్పుడు త్రీ-డీ ప్రింటరుతోనూ చేస్తున్నారు. చల్లారేటప్పుడు పోత ఇనుము నూటికి ఒక వంతు, గన్‌మెటల్ సుమారు ఒకటిన్నర వంతు కుంచించుకుపోతాయి. అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయాలి. చెక్కడానికి మరో రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. ఇసుకలోంచి సులువుగా ఊడివచ్చేలా పక్కలను కొంచెం ఏటవాలుగా ఉంచాలి. చిన్న చిన్న ఇత్తడి భాగాలకు మైనపు అచ్చు పద్ధతి మేలు. ఇది మనకు కొత్తేమీ కాదు. మన గుళ్ళలో పంచలోహ విగ్రహాలూ, ఆదిలాబాద్ డోక్రా బొమ్మలూ పోసేది మైనపు అచ్చుతోనే.

బాయిలరు దగ్గర పొదుపు వద్దు

ప్రాణాలతో ముడిపడిన భాగం ఇదొక్కటే. రాగి రేకులను వెండి కలిసిన టంకంతో అతికి దీన్ని చేస్తారు. పాత పుస్తకాలు చెప్పే కాడ్మియం కలిసిన టంకం పొగ విషం. 2011 చివరి నుంచి ఇక్కడ దాని సాధారణ అమ్మకం నిషిద్ధం. కాడ్మియం లేనిదే అడిగి కొనాలి. నీళ్ళు తగిలే బిగింపులకు ఇత్తడి వాడరాదు. కాలక్రమేణా అందులోని జింకు కరిగిపోయి లోహం బోలుగా తయారవుతుంది. అక్కడ కంచు గానీ గన్‌మెటల్ గానీ వాడాలి.

కొత్త బాయిలరులో నీళ్ళు నింపి, నడిపే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పెట్టి క్లబ్బు ఇన్‌స్పెక్టరు సమక్షంలో పరీక్షిస్తారు. చదరపు అంగుళానికి 80 పౌండ్లతో నడిపేదైతే పరీక్ష 160తో జరుగుతుంది. తర్వాత ఆవిరితో పరీక్షించినప్పుడు సేఫ్టీ వాల్వు ఒత్తిడిని పదో వంతుకు మించి పెరగనివ్వకూడదు. పాత బాయిలరు కొంటే కాగితాలు లేకుండా ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

మొదటి ఇంజనుకు పోతలు దొరికే డిజైనునే ఎంచుకోమని మా సలహా. కంటికి కనబడే రెండు మూడు భాగాలకు మాత్రం సొంత అచ్చు చేసుకుంటే అసలు రూపం చాలావరకు వస్తుంది. ఆసక్తి ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు ముందుగా దగ్గరలోని మోడల్ ఇంజనీరింగ్ క్లబ్బుకు వెళ్ళండి. అచ్చులు చేయడం తెలిసిన పెద్దవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ళు ఉండగానే, వాళ్ళ పక్కన నిలబడి ఆ పని నేర్చుకోవాలి.