మలుపులో బిగుసుకునే చక్రం

రాజధాని నుంచి వెలువడే లేఖలలో మంత్రివర్గాల మార్పులకూ, పార్లమెంటు వాగ్వాదాలకూ చోటు దొరకడం రివాజు. ఈ వారం మోటారు బండి వెనుక ఇరుసును గురించి వ్రాస్తున్నందుకు పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కాని ఢిల్లీలో వెలువడిన న్యాయ నిర్ణయాలకూ, నెల్లూరులోనో నిజామాబాదులోనో పాత బండి కొన్న గృహస్థుని జేబుకూ గల సంబంధం కొంత ఈ ఇరుసు గుండానే నడుస్తున్నది.

పదిహేనేళ్లు దాటిన వాహనాలు రాజధానిలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో ఆదేశించింది. డీజిలు బండ్లకు ఆ గడువును 2015 ఏప్రిల్‌లో పదేళ్లకు కుదించింది. సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఈ ఆంక్షలను బలపరచింది. 2025లో ఆంక్షలూ సడలింపులూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఈ పదేళ్లలోనూ గడువు సమీపించిన బండ్లు నిరభ్యంతర పత్రం పుచ్చుకుని ఇతర రాష్ట్రాలకు తరలిపోతూనే ఉన్నాయి. మన జిల్లాలలో ‘ఢిల్లీ బండి’ అన్న మాట వినని కొనుగోలుదారు అరుదు. వాటిలో జిప్సీలు, స్కార్పియోలు, సఫారీలు వంటి ఎస్.యు.వి.లకు గిరాకీ మెండు. కొనేవారు రంగు చూస్తారు, ఇంజిను చప్పుడు వింటారు, తిన్నని రోడ్డు మీద ఒక కిలోమీటరు నడుపుతారు. అసలు గుట్టు మలుపులో బయటపడుతుంది.

తిన్నగా పోయినంతసేపు బండి బుద్ధిగానే ఉంటుంది. వీధి చివర చక్రం పూర్తిగా తిప్పి మళ్లించగానే వెనుక నుంచి ఎవరో పట్టి లాగినట్లు బరువెక్కుతుంది. ఇరుసులో దడదడ గుద్దినట్లవుతుంది, టైరు నేలను గీరుతుంది. యజమాని బెంబేలెత్తి మరమ్మతు శాలకు పోతే, చాలాచోట్ల వచ్చే తీర్పు ఒక్కటే: డిఫరెన్షియల్ పోయింది, ఇరుసు మొత్తం మార్చాలి. ఈ తీర్పు కొన్నిసార్లు నిజమే. కాని పరీక్ష జరగకముందే వెలువడే తీర్పును నమ్మరాదన్నది న్యాయస్థానాలకెంత వర్తిస్తుందో మరమ్మతు శాలలకూ అంతే వర్తిస్తుంది.

డిఫరెన్షియల్ అన్న యంత్రభాగానికి ఫ్రాన్సు దేశస్థుడైన పెకర్ 1827లో రూపకల్పన చేశాడు. దాని అవసరం లెక్కతో తెలుస్తుంది. వెనుక చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లనుకుందాం. బండి పూర్తిగా వెనుదిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కంటె సుమారు 4 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. జిప్సీ వంటి బండి టైరుకు ఇది దాదాపు రెండు చుట్లు. రెండు చక్రాలను ఒకే కడ్డీకి బిగిస్తే ఈ రెండు చుట్లూ టైరు జారిగాని, కడ్డీ మెలిపడిగాని తీరాలి. మన మెకానిక్కులు స్టార్ గేర్లనే చిన్న పళ్లచక్రాలు ఆ తేడాను తమలో ఇముడ్చుకుని, రెండు చక్రాలకూ వాటి వాటి వేగాన్ని ప్రసాదిస్తాయి. మలుపులో బిగుసుకోవడమంటే ఆ స్వేచ్ఛకు ఎక్కడో అడ్డు తగిలిందన్నమాట. ఆ అడ్డు ఎక్కడున్నదన్నదే ప్రశ్న.

కిందటి నెలలో ఇక్కడ ఉద్యోగం ముగించుకుని స్వస్థలానికి తరలిపోతున్న ఒక తెలుగు మిత్రుడు తాను కొన్న పాత పెట్రోలు జిప్సీకి ఇదే జబ్బు కనబడగా నన్ను వెంటబెట్టుకుని పశ్చిమ ఢిల్లీలోని ఒక చిన్న కార్ఖానాకు వెళ్లాడు. అంతకుముందు ఒకచోట ఇరుసు మార్చాలని చెప్పి పంపారు. మాయాపురిలో పాత ఇరుసు ఏ ధరకు దొరుకుతుందో విచారించడం కూడా అయింది. ఈ కార్ఖానాలోని వృద్ధ సర్దార్జీని అందరూ ఉస్తాద్‌జీ అంటారు. ఆయన పానా పట్టకముందు ప్రశ్నలతో మొదలుపెట్టాడు. ఆయన పరీక్షించిన క్రమం ఏ బండికైనా పనికివచ్చేది గనుక వివరంగా వ్రాస్తున్నాను.

మొదట చూసింది నాలుగు చక్రాల మీటను. జిప్సీ వంటి బండ్లలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె పెద్ద వలయంలో నడుస్తాయి. ఆ మీట పడివుండగా పొడి తారు రోడ్డు మీద మళ్లిస్తే రెండు ఇరుసులూ పరస్పరం పెనగులాడి, వెనుక భాగం బిగిసినట్లే తోస్తుంది. మీట తప్పించి, బండిని తిన్నగా కొన్ని మీటర్లు వెనక్కు నడిపి మళ్లీ మళ్లించి చూడాలి. జబ్బు మాయమైతే అది జబ్బే కాదు. మా మిత్రుని బండిలో అది మాయం కాలేదు.

రెండవది టైర్లు. కుడి ఎడమ టైర్ల కొలత, అరుగుదల, గాలి సమానంగా ఉండాలి. మూడవది బ్రేకులు. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పుపట్టి ఒక డ్రమ్మును పట్టివుంచితే బండి బరువెక్కుతుంది. కాని ఆ బరువు తిన్నని రోడ్డు మీద కూడా ఉంటుంది, కొంత దూరం పోయేసరికి ఆ డ్రమ్ము వేడెక్కుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగినా కుదుపు వస్తుంది. అది మలుపు కంటె గేరు వేసి కదిలేటప్పుడే ఎక్కువ. ఇవేవీ లేవని తేలింది.

అప్పుడు అసలు పరీక్ష జరిగింది. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనుక ఇరుసును జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపారు. ఇంజిను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు విడిచి, ఒక చక్రాన్ని చేతితో తిప్పారు. సాధారణ డిఫరెన్షియల్ అయితే రెండవ చక్రం ఎదురు దిక్కుకు తిరుగుతుంది. తిరగడంలో ఒకచోట పట్టుకుని, ఒకచోట వదిలితే స్టార్ గేరు పన్ను విరగడమో, దాని పిన్ను గీరుకుపోవడమో జరిగివుండాలి. రెండు చక్రాలూ ఒకే దిక్కుకు తిరిగితే లోపల ఏదో వాటిని కట్టివేస్తున్నదని అర్థం. మా కళ్ల ఎదుట రెండు చక్రాలూ ఒకే దిక్కుకు తిరిగాయి.

‘కంపెనీ ఇది పెట్టలేదు,’ అన్నాడు ఉస్తాద్‌జీ. జిప్సీ వెనుక ఇరుసులో కర్మాగారం అమర్చేది సాధారణ డిఫరెన్షియల్. కాని కొండదారుల పోటీలకు పోయేవారు అందులో మూడు రకాల మార్పులు చేస్తారు. క్లచ్చి పళ్లేలు గల లిమిటెడ్ స్లిప్ రకం ఒకటి. దానంతట అదే పట్టి విడిచే లాకరు ఒకటి. ఖర్చు తప్పించుకోవడానికి స్టార్ గేర్లను వెల్డింగు చేసివేయడం మూడవది. ఏది జరిగిందో తేల్చడానికి గేరు వేసి, ప్రొపెల్లర్ షాఫ్టు కదలకుండా చేసి, చక్రాన్ని టార్క్ పానాతో తిప్పారు. వెల్డింగు అయివుంటే ఎంత బలానికీ కదలదు. ఇది ఒక స్థాయి వరకు మొరాయించి, ఆపైన జారింది. క్లచ్చి పళ్లేల రకమని రూఢి అయింది.

నూనె తీసి చూశారు. అయస్కాంతపు బిరడాకు బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకుని ఉంది. అది సహజమైన అరుగుదల. ఇనుప పెళ్లలు కనబడివుంటే పళ్లుగాని, బేరింగుగాని విరిగినట్లే. నూనె కొత్తది, సాధారణ గేరు నూనె. అమ్మకానికి ముందు ఎవరో శ్రద్ధగా మార్చారు. ఆ శ్రద్ధే చిక్కు తెచ్చింది. క్లచ్చి పళ్లేల రకానికి ఘర్షణను మెత్తబరచే ప్రత్యేక ద్రవం కలిపిన నూనె కావాలి. అది లేకపోతే పళ్లేలు సాఫీగా జారక, పట్టి విడుస్తూ దడదడలాడతాయి. తగిన నూనె పోసి, ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో పదిసార్లు మెల్లగా నడిపించారు. ఆరవ చుట్టుకే దడ తగ్గింది. మార్చవలసినదన్న ఇరుసు ఆ బండి కిందనే ఉండిపోయింది.

ఇదంతా డబ్బు విషయం మాత్రమే అనుకోరాదు. వెల్డింగు చేసిన ఇరుసుతో శ్రీశైలం ఘాటులోనో, అరకు దారిలోనో వాన నీటిలో మలుపు తిరిగే బండి, చక్రం తిప్పిన దిక్కుకు పోక ముందుకే నెట్టుకుపోవచ్చు. మెలికకు అలసిన ఇరుసు కడ్డీ ఒకనాడు విరగవచ్చు. పరీక్షలోనూ ప్రమాదమున్నది. ఇటువంటి బండికి ఒక్క వెనుక చక్రాన్నే లేపి, ఇంజినుతో గేరు వేస్తే, నేల మీది చక్రం బండిని జాకీ మీద నుంచి దూకిస్తుంది.

నమోదు పత్రంలో ఇంజిను నంబరు ఉంటుంది, చాసీ నంబరు ఉంటుంది. ఇరుసు లోపల పాత యజమాని ఏమి అమర్చాడో ఆ పత్రమూ చెప్పదు, నిరభ్యంతర పత్రమూ చెప్పదు. కాశ్మీరీ గేటు విడిభాగాల బజారులో ఏ భాగమైనా దొరుకుతుంది. భాగం చరిత్ర మాత్రం దొరకదు. కనుక పాత ఎస్.యు.వి. కొనదలచినవారికి నా మనవి ఇది. బేరం కుదరకముందే ఖాళీ మైదానంలో కుడికీ ఎడమకూ పూర్తిగా మళ్లించి చూడండి. వెనుక చక్రాలు లేపించి ఒకదానిని చేతితో తిప్పించండి. బిగిసినట్లు తోస్తే మీట, టైర్లు, బ్రేకులు, నూనె చూసిన తరువాతనే ఇరుసు విప్పించండి. దీనికి పట్టేది ఒక్క పూట. రాజధాని వదిలించుకున్న బండితో పాటు దాని గుట్టును కూడా కొని తెచ్చుకోవడం కంటె ఆ పూట ఖర్చు చవక.